సంక్రాంతి - ఋణం తీర్చుకునే పండుగ

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, ఇల్లాలి కాళ్ళకు చక్రాలు కట్టినట్టే. ఇల్లు దులుపుకోవాలి, అటకమీది బూరెల మూకుడు దించుకోవాలి, బియ్యం నానబోయాలి, నువ్వులు బాగుచేసుకోవాలి, తెల్లవారకముందే లేచి వాకిట్లో ముగ్గు పెట్టాలి. నెలరోజులూ ఇదే తంతు. తీరా పండుగనాడు పిల్లలు వచ్చి "అమ్మా, అసలు సంక్రాంతి ఎందుకు చేస్తామే?" అని అడిగితే, "సూర్యుడు మకరరాశిలోకి వస్తాడురా" అని ఒక్కముక్క చెప్పి పొయ్యి దగ్గరికి పరుగెడతాం. అవునా, కాదా?

ఆ ఒక్కముక్కా నిజమే. కానీ సూర్యుడు మకరంలోకి వస్తే మనం గంగిరెద్దుకు పాతచీర ఎందుకు ఇవ్వాలి? పిచ్చుకలకు వరికంకులు ఎందుకు కట్టాలి? పోయిన పెద్దలకు కొత్తబట్టలు ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకటే జవాబు ఉందండీ. అదేమిటో నిదానంగా చెప్పుకుందాం.

సంక్రమణం అంటే?

సంక్రమణం అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడం. సూర్యుడు నెలకొక రాశి చొప్పున ఏడాదికి 12 రాశులూ తిరుగుతాడు కాబట్టి సంక్రమణాలూ 12 ఉంటాయి. అందులో మకర సంక్రమణానికే ఇంత పేరు. ఆరోజు నుంచి ఉత్తరాయణ పుణ్యకాలం అని మన పంచాంగాలు లెక్కగడతాయి. దక్షిణాయనంలో ప్రాణం విడవడం ఇష్టంలేక భీష్ముడు అంపశయ్య మీద పడుకుని ఎదురుచూసింది ఈ ఉత్తరాయణం కోసమే. భగీరథుడి వెంట వచ్చిన గంగ సముద్రంలో కలిసింది కూడా మకర సంక్రమణం నాడే అని నమ్మిక. అందుకే ఆరోజు పశ్చిమ బెంగాల్లోని గంగాసాగర్‌లో లక్షలమంది స్నానాలు చేస్తారు.

మన పండుగలన్నీ తిథులను బట్టి ఏటా తారీఖు మారుతుంటే, ఇదొక్కటే 14నో 15నో వస్తుందేమిటని మీకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? మిగతావి చంద్రుడి లెక్క, ఇది సూర్యుడి లెక్క. మరి ఆ 14, 15 తేడా ఎందుకంటే, సూర్యుడు రాశి మారే సమయం ఏటా సుమారు ఆరు గంటలు ఆలస్యమవుతూ వస్తుంది. లీపు సంవత్సరం వచ్చినప్పుడు మళ్ళీ సర్దుకుంటుంది. పొద్దుగూకాక ప్రవేశిస్తే పండుగను మర్నాడు చేసుకోమంటారు.

ఇంకో చిత్రం చెబుతాను. స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. అది మకర సంక్రాంతి రోజు! అంటే అప్పట్లో పండుగ 12నే వచ్చిందన్నమాట. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగుతుంది కాబట్టి, సుమారు 70 ఏళ్ళకు ఒకరోజు చొప్పున సంక్రాంతి తారీఖు ముందుకు జరుగుతూ ఉంటుందట. ఆకాశంలో సూర్యుడు ఉత్తరం వైపు మళ్ళేది నిజానికి డిసెంబరు 21, 22 తేదీల్లోనే. దాదాపు 1700 ఏళ్ళ కిందట ఆ రోజూ, మకర సంక్రమణమూ ఒక్కటిగా ఉండేవి. తర్వాత విడిపోయాయి. అయినా మనం పండుగను పంచాంగం ప్రకారమే చేసుకుంటున్నాం. ఎందుకంటే మన పల్లెల్లో ఇది ఆకాశంలో లెక్క ఒక్కటే కాదు, కళ్ళంలో లెక్క కూడా.

కళ్ళంలో మేర

వానాకాలం నాట్లు వేసిన వరి కోతలయ్యి, నూర్పిళ్ళయ్యి ధాన్యం ఇంటికి చేరే కాలం పుష్యమాసం. ఏడాది కష్టం రాశిగా కళ్ళెదుట కనబడే రోజులు. పూర్వం పల్లెల్లో ఆ రాశిని ఆసామి మొత్తం బస్తాలకెత్తి ఇంటికి తోలుకునేవాడు కాదు. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సాగగొట్టిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికినవారికి, పగ్గాలూ చెప్పులూ కుట్టి ఇచ్చినవారికి, ఊరి కాపలా కాసినవారికి ఇంత అని ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. దాన్ని 'మేర' అనేవారు. ఈ మాట మన పిల్లలకు తెలియకపోవచ్చు గానీ పల్లెటూరి పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు.

ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేననడం లేదు. చెమటోడ్చినవాడు గంపపట్టుకుని నిలబడాల్సి వచ్చేది. కొలపాత్ర ఆసామి చేతిలోనే ఉండేది. ఆ చిన్నచూపు పోవాల్సిందే. కానీ "నా పంట నాదొక్కడిదే కాదు, ఇందులో పదిమంది చెయ్యి ఉంది" అన్న మాట మాత్రం పోగొట్టుకోకూడనిది. సంక్రాంతి మూడురోజులూ మనం చేసే పనులన్నిటికీ మూలం ఆ మాటే. ఎవరెవరి దయవల్ల, ఎవరెవరి కష్టంవల్ల మన కంచంలో మెతుకు పడిందో వాళ్ళందరి ఋణం తీర్చుకోవడమే సంక్రాంతి.

మన శాస్త్రాల్లో గృహస్థు రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాలని ఉన్నాయి. దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు, తోటి మనుషులకు, పశుపక్ష్యాదులకు మనం పడిన ఋణం తీర్చడం. ఈ ఐదూ మన పండుగలో ఎక్కడెక్కడ ఉన్నాయో సరిపోల్చి చూడండి. మీకే ఆశ్చర్యం వేస్తుంది.

భోగి

డిసెంబరు 16 ప్రాంతాల్లో ధనుర్మాసం మొదలవుతుంది. నెలరోజులూ రోజుకొకటి చొప్పున ఆండాళ్ తల్లి పాడిన తిరుప్పావై 30 పాశురాలు గుళ్ళలో చదువుతారు. మన గోదాదేవి ఆవిడే. ఆవిడ కథనే శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో 'ఆముక్తమాల్యద'గా రాశాడు. మహనీయులు మనకిచ్చిన మాటను చదువుకోవడం, పిల్లలకు వినిపించడం ఋషుల ఋణం తీర్చుకోవడమే. చివరిరోజైన భోగినాడు గోదా కల్యాణం చేస్తారు. ఆ తల్లి రంగనాథుణ్ణి చేరి భోగం పొందిన రోజు కాబట్టి భోగి అయిందని పెద్దలు చెబుతారు.

తెల్లవారుజామున భోగిమంట వేస్తాం. పాతవి వదిలించుకుని కొత్తదానికి చోటివ్వడం దాని అర్థం. పాతవి అంటే ఎండుకట్టెలు, తాటాకులు, పిడకలు. సైకిలు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కాదు తల్లీ! ఆ పొగ పీల్చేది మన పిల్లలే. పనికొచ్చే బట్టలూ బొమ్మలూ ఉంటే మంటలో వెయ్యకండి, కట్టుకునేవాళ్ళకూ ఆడుకునేవాళ్ళకూ ఇవ్వండి.

సాయంత్రం అయిదేళ్ళలోపు పసివాళ్ళకు రేగిపళ్ళు, చెరుకుముక్కలు, పూరేకులు, చిల్లర డబ్బులు కలిపి తలమీద పోస్తాం. చేలల్లో, తోటల్లో ఆ కాలానికి వచ్చేవి కొన్ని కొన్ని తీసుకుని, ఈ బిడ్డ చల్లగా ఉండాలని ఇరుగుపొరుగు అమ్మలందరిచేతా దీవెన తీసుకోవడం అది. నాణేలు ఏరుకోవడానికి చుట్టూ చేరే పెద్దపిల్లల సంబరం వేరే చెప్పాలా?

సంక్రాంతి

రెండోరోజు అసలు పండుగ. సూర్యుడి ఎండ తగలకపోతే గింజ లేదు. అందుకే కొత్తబియ్యంతో పొంగలి వండి మొదట ఆయనకే నివేదన. ఇది దేవతల ఋణం.

ఇక్కడ మన వంటింటి సంగతి ఒకటి. కొత్తబియ్యం అన్నానికి పనికిరాదు, మెత్తబడి ముద్దయిపోతుంది. ఆ మెత్తదనమే పొంగలికి కావాలి. అరిసెలకూ అంతే, కొత్తబియ్యపు పిండి అయితే చలిమిడి చక్కగా కలుస్తుంది. చేతికొచ్చిన గింజను ఏ వంటకు వాడాలో మన అమ్మమ్మలకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు! గ్లాసు కొత్తబియ్యానికి అరగ్లాసు పెసరపప్పు వేయించి కలిపి, పాలూ నీళ్ళూ కలిసి నాలుగు గ్లాసులు పోసి బాగా మెత్తగా ఉడికించండి. దించాక గ్లాసున్నర బెల్లం తురుము కలపండి. ఉడక్కముందే బెల్లం వేస్తే గింజ బిరుసెక్కిపోతుంది, పాలూ విరుగుతాయి. పైన నేతిలో వేయించిన జీడిపప్పు, కొబ్బరి ముక్కలు, ఏలకులపొడి వేస్తే సరి.

ఆరోజే పెద్దలకు తర్పణాలు వదులుతారు. నువ్వులు, గుమ్మడికాయ దానమిస్తారు. చాలా ఇళ్ళలో చనిపోయినవారి పేరుచెప్పి కొత్తబట్టలు దేవుడిముందు పెట్టి, వారికిష్టమైనవి వండి, ఆ తర్వాతే మనం కట్టుకుంటాం, తింటాం. ఆ చెట్టు నాటినవాళ్ళు, ఆ పొలం బాగుచేసినవాళ్ళు, మనల్ని కనిపెంచినవాళ్ళు వాళ్ళే కదా. ఇది పితృఋణం. మన తెలుగునాట దీన్ని పెద్దపండుగ అనడంలో 'పెద్దల పండుగ' అన్న అర్థం కూడా ఉందని చెబుతారు.

ఇక తోటి మనుషుల ఋణం. నెత్తిమీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో హరినామం పాడుకుంటూ హరిదాసు వస్తాడు. మన పిల్లలచేత గుప్పెడు బియ్యం ఆ పాత్రలో వేయిస్తాం. సన్నాయి ఊదుకుంటూ గంగిరెద్దులవాడు వస్తాడు. గజాసురుడి పొట్టలో ఉండిపోయిన శివుణ్ణి విడిపించడానికి విష్ణుమూర్తి నందినే గంగిరెద్దుగా ఆడించాడని వినాయకచవితి కథలో ఏటా చదువుకుంటున్నాం కదా. ఆ కథను వీధిలోకి తెచ్చేవాడు ఇతను. ఆ ఎద్దు మీద రంగురంగుల బట్టలు చూశారా? అవి మనలాంటి ఇల్లాళ్ళు ఇచ్చిన పాత చీరలే! జంగందేవర, కొమ్మదాసరి, బుడబుక్కలవాడు, పిట్టలదొర - వీళ్ళంతా ఆటపాటలతో, వేషాలతో పల్లెకు సంబరం తెచ్చినవాళ్ళు. వాళ్ళకిచ్చేది బిచ్చం కాదు, వాళ్ళ కళకు మేర.

బొమ్మలకొలువు పెట్టి పేరంటం పిలిచే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. తెలంగాణలో అయితే సంక్రాంతికి నోములు నోచి, ఒకేరకం వస్తువులు ముత్తయిదువలకు పంచుతారు. ఆ ఇళ్ళలో బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి చేత్తో చుట్టే సకినాల ఘుమఘుమ వీధంతా వస్తుంది. ఎక్కడైనా అర్థం ఒకటే, ఉన్నది పంచుకోవడం.

ఇక్కడ నాకొక మాట అడగాలని ఉంది. ఆ కొలువుకు మనం ఎవరిని పిలుస్తున్నాం? భర్త పోయిన మన అక్కనో, పక్కింటి పిన్నిగారినో పిలుస్తున్నామా? ఏళ్ళతరబడి మనకు అరిసెల పాకం చూసిపెట్టిన చెయ్యి ఆవిడది. "ఇదుగో ముదురుపాకం వచ్చింది, దించవే" అని చెప్పిన నోరు ఆవిడది. ఆవిడ వంటింట్లోకి పనికొచ్చి, హాల్లో బొమ్మలు చూడటానికి పనికిరాదా? బొమ్మలకొలువు చూసి పిల్లలచేత పాటలు పాడించడానికి ఏ శాస్త్రం అడ్డొచ్చింది చెప్పండి? ఈసారి పిలవండి. పండూ తాంబూలం అందరితోపాటు ఆవిడ చేతిలో పెట్టండి. మొదట నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారేమో, మరుసటేడు వాళ్ళూ పిలుస్తారు.

కనుమ

మూడోరోజు పశువులది. తమిళనాడులో ఒక కథ చెబుతారు. "రోజూ తలంటుకోండి, నెలకోసారి తినండి" అని మనుషులకు చెప్పిరమ్మని శివుడు నందిని పంపాడట. నంది తికమకపడి "రోజూ తినండి, నెలకోసారి తలంటుకోండి" అని చెప్పొచ్చిందట. "అయితే రోజూ తిండి కావాలిగా, నువ్వే వెళ్ళి దున్నిపెట్టు" అని శివుడు పంపేశాడట. నవ్వుకునే కథే గానీ, మన రోజువారీ అన్నం ఎద్దు మెడమీది కాడి నుంచి వచ్చిందని చెప్పడం అది.

అందుకే కనుమనాడు పశువుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మువ్వలు కట్టి, పొంగలి పెడతారు. కాడి కట్టరు. "కనుమనాడు కాకైనా కదలదు" అన్న సామెత విన్నారుగా. బండి కడితేగా ప్రయాణం! ఆ ఒక్కరోజూ ఎద్దుకు సెలవు. "కనుమనాడు మినుము తినాలి" అని గారెలు వండుకుంటాం. చావడి చూరుకు వరికంకుల కుచ్చులు కట్టి పిచ్చుకలకు వదిలేస్తాం. గొబ్బెమ్మలను కూడా పారెయ్యం. పిడకలు చేసి ఎండబెట్టి, రథసప్తమినాడు వాటిమీదే పాలు పొంగించి సూర్యుడికి పరమాన్నం వండుతాం. ఆవుపేడ వాకిట్లో గౌరమ్మ అవుతుంది, తర్వాత సూర్యుడి పొయ్యి అవుతుంది. ఇంతకన్నా పొదుపరితనం ఉంటుందా!

కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. 11 ఊళ్ళ రుద్రులు ప్రభలమీద చేలకడ్డంపడి వచ్చి ఒకచోట చేరతారు. ప్రభ పచ్చటి చేలను తొక్కుకుంటూ వెళ్ళినా రైతు కోపగించుకోడు, దేవుడు నడిచిన చేను అని దణ్ణం పెట్టుకుంటాడు. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే వెళ్ళింది.

పిచ్చుకకు కంకి కట్టే పండుగరోజునే గాలిపటాల గాజుదారం తగిలి పక్షులు రెక్కలు తెగి పడిపోవడం ఎంత అన్యాయం! ఆ నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. మోటారుసైకిళ్ళమీద వెళ్ళేవాళ్ళ మెడలకూ అది ప్రమాదమే. పిల్లలకు దారం కొనిచ్చేది మనమే కాబట్టి, మామూలు నూలుదారమే కొనివ్వండి.

తీర్చేది ఋణం - చేసేది అప్పు కాదు

ఇంతవరకూ చదివారుగా, ఇప్పుడు ఒక కష్టమైన సంగతి మాట్లాడుకుందాం. సంక్రాంతి అనగానే ఆడపిల్ల తల్లి గుండె ఎందుకు దడదడలాడుతుంది? కొత్తల్లుడు! మొదటి పండుగకు అల్లుణ్ణి పిలిచి, తలంటుపోసి, బట్టలు పెట్టి, నాలుగురోజులు కూర్చోబెట్టి పెట్టుకోవడం ముచ్చటే. కాదనను. కానీ అది ముచ్చటగా ఉన్నంతవరకే. వందలరకాల వంటకాలు బల్లమీద పేర్చి ఫోటోలు దిగడం, "మా తోడల్లుడికి బండి ఇచ్చారట" అని అల్లుడు ముభావంగా కూర్చోవడం, మామగారు వడ్డీకి తెచ్చి సర్దడం... ఇందులో సంక్రాంతి ఎక్కడుంది?

సంక్రాంతి లెక్కలో మేర ఎవరికి? మనకోసం కష్టపడినవారికి, మనకు పెట్టినవారికి. అల్లుడుగారు మన పొలం దున్నారా, మన కర్రు సాగగొట్టారా? ఆయన ప్రేమతో పెట్టించుకోవాల్సినవాడే గానీ, బాకీ వసూలుకు వచ్చినవాడు కాడు. పెళ్ళి పేరుచెప్పి పెళ్ళయ్యాక అడిగినా అది కట్నం కిందికే వస్తుందని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. చట్టందాకా ఎందుకు, కొడుకుల తల్లులం మనమే ఒకమాట అంటే సరిపోతుంది. "వదినగారూ, పిల్లలిద్దరూ పండక్కి వస్తారు, పెట్టుపోతల మాట పెట్టుకోకండి, ఒక పూట పొంగలి పెట్టండి చాలు" అని ఫోనుచేసి చెప్పి చూడండి. ఆ ఇంట్లో ఆ వియ్యపురాలు ఆ రాత్రి కంటినిండా నిద్రపోతుంది. అంతకన్నా దానం ఉందా?

పట్నంలో మన మేర

"మాకు పొలం లేదు, ఎద్దు లేదు, వాకిలి కూడా లేదు, మూడో అంతస్తులో ఉంటాం, మేమెవరి ఋణం తీర్చాలి?" అంటారేమో. మన రాశి నెలజీతం అనుకోండి. దానికీ మేరలున్నాయి. రోజూ గిన్నెలు తోమే అమ్మాయికి పండుగ మూడురోజులూ పని రెట్టింపు చేస్తాం. ఎద్దుకే కనుమనాడు సెలవు ఇచ్చిన జాతి మనది, ఆమెకు ఒక్కరోజు జీతంతో సెలవు ఇవ్వలేమా? ఆమెకూ ఇల్లుంది, వాకిట్లో ముగ్గు పెట్టుకోవాలని ఉంటుంది. చీర ఇచ్చేటప్పుడు ఒక్క పాతచీరే కాకుండా ఒక కొత్త జాకెట్టుగుడ్డయినా పెట్టండి. చెత్త తీసుకెళ్ళే మనిషికి, వాచ్‌మన్ పిల్లలకు అరిసెలు మిగిలాక కాదు, దేవుడికి పెట్టిన మొదటి వాయిలోంచే ఇవ్వండి. బాల్కనీలో గుప్పెడు గింజలు, చిప్పలో నీళ్ళు పెడితే పిచ్చుకకూ మేర అందినట్టే.

ఇంకొకరు మిగిలారు. ఎవరో తెలుసా? నెలరోజులు నిలబడి, పిండికొట్టి, పాకం పట్టి, అందరికీ వడ్డించి, చివర అడుగూ బొడుగూ తినే ఇల్లాలు. ఆమె మేర ఎవరు కొలుస్తారు? ఎవరో కొలుస్తారని కూర్చోకండి. కనుమనాడు గారెలపిండి మీ ఆయన రుబ్బాలి, పిల్లలు విస్తళ్ళు వెయ్యాలి, మీరూ అందరితోపాటు కూర్చుని వేడిగారె తినాలి. అడిగి చేయించుకోండి, తప్పులేదు.

పిల్లలు ఈసారి "సంక్రాంతి ఎందుకమ్మా?" అని అడిగితే పొయ్యి కాస్త తగ్గించి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఇన్నాళ్ళూ మనకు పెట్టినవాళ్ళకు మనం పెట్టే పండుగరా అని. ఆ తర్వాత వాళ్ళ చేతికే అరిసెల పొట్లం ఇచ్చి కింద వాచ్‌మన్ ఇంటికి పంపండి.